చెప్పు జారితే దాచొద్దు

డిచ్‌పల్లి: కాలి నుంచి చెప్పు జారిపోయిన సంగతి మనిషికి తెలియకపోవడం మామూలు మతిమరుపు కాదు. పొలం గట్టున నడుస్తూనో, సంతకు పోతూనో నాలుగడుగులు వేశాక వెనక వచ్చేవారెవరో పిలిచి చెబితే గానీ చూసుకోని వాళ్లు అక్కడక్కడా కనబడతారు. చూసినవారు నవ్వుతారు. వారూ నవ్వేసి చెప్పు తొడుక్కుని పోతారు. కానీ జారిన ఆ చెప్పు రెండు సంగతులు చెబుతున్నది. పాదానికి స్పర్శ తగ్గింది. పాదాన్నీ వేళ్లనూ పైకెత్తే బలం కూడా సన్నగిల్లుతున్నది. ఈ రెండూ కలిసి వచ్చాయంటే మోకాలి పక్కనున్న ఒక నరం దెబ్బతింటున్నదని అర్థం. దానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో కుష్ఠు ఒకటి.

మొదటి నెలల్లో వస్తే ఎక్కువ మందికి మాత్రలతోనే బలం తిరిగి వస్తుంది. ఏళ్లు గడిపి వస్తే శస్త్రచికిత్స తప్పదు. కాలు పూర్తిగా పడిపోయిన తర్వాత కూడా దాన్ని లేపే ఆపరేషన్ ఉన్నదని, అది మన దేశంలోనే డెబ్బై ఏళ్లకు పైగా జరుగుతున్నదని తెలియక కాలు ఈడ్చుకుంటూ బతుకు వెళ్లదీస్తున్నవారు ఇప్పటికీ ఉన్నారు. ఈ సంగతులు చెప్పుకోవడానికి జిల్లాలో డిచ్‌పల్లి కన్నా తగిన ఊరు లేదు.

అడవి బాదం నూనె రోజులు

ఇప్పటి పిల్లలకు డిచ్‌పల్లి అంటే 2006లో వచ్చిన తెలంగాణ విశ్వవిద్యాలయం, గుట్ట మీది ఖిల్లా రామాలయం, రైల్వే స్టేషను. పెద్దవాళ్లకు మాత్రం డిచ్‌పల్లి అంటే విక్టోరియా దవాఖానా. స్కాట్లండు దేశస్థురాలు ఇసబెల్ కెర్ అబర్డీన్ విశ్వవిద్యాలయంలో 1903లో వైద్యపట్టా పుచ్చుకుని, భర్త జార్జి కెర్‌తో కలిసి 1907లో ఈ దేశం వచ్చారు. ఆయన మెథడిస్టు పాదిరి. 1911లో నిజామాబాద్‌లో కుష్ఠు రోగుల కోసం చిన్న ఆశ్రయం ఏర్పాటు చేశారు. వచ్చేవారు ఎక్కువయ్యారు, చోటు చాలలేదు. స్థానిక దాత రాజా నర్సాగౌడ్ పెద్ద మొత్తంలో విరాళమిచ్చారు. అలా 1915లో డిచ్‌పల్లి ఆసుపత్రి వెలిసింది. రోగిని ఊరి బయటకు గెంటే ఆ రోజుల్లో, పరాయి మతస్థులు పెట్టిన ఆసుపత్రికి, అదీ ఈ రోగానికి, ఒక హిందూ గృహస్థు సొమ్ము ఇవ్వడం చిన్న విషయం కాదు. 1923లో ఆ దంపతులకు అప్పటి ప్రభుత్వం కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. ఇసబెల్ 1932లో కన్నుమూశారు.

అప్పట్లో ఉన్న మందు చాల్‌మోగ్రా నూనె. మన వైపు అడవి బాదం నూనె అంటారు. చెట్టు గింజల నుంచి తీసిన ఆ నూనెను సూది ద్వారా ఒంట్లోకి ఎక్కించేవారు. సూది పోటు నొప్పి సంగతి అటుంచి, నెలల తరబడి, ఏళ్ల తరబడి ఎక్కించుకోవాలి. అయినా రోగులు వస్తూనే ఉన్నారంటే వారికి అంతకు మించి దిక్కు లేకపోయింది. డిచ్‌పల్లిలో పనిచేసిన డాక్టర్ జాన్ లో తర్వాతి కాలంలో నైజీరియా వెళ్లి, డాప్సోన్ అనే మందును నోటి మాత్రగా ఇచ్చి చూశారు. 1950 నాటికి అది పనిచేస్తుందని తేలింది. సూది పోయి మాత్ర వచ్చింది. 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి వాడాలని సూచించింది. మరుసటి ఏడాదే మన దేశంలో ఆ పద్ధతి మొదలైంది. ఇప్పుడు రోగం తీరును బట్టి ఆరు నెలలో ఏడాదో మాత్రలు వేసుకుంటే క్రిమి పోతుంది. మొదటి మోతాదు లోపలికి వెళ్లిన కొద్ది రోజులకే ఆ మనిషి నుంచి మరొకరికి అంటే ప్రమాదం దాదాపు పోతుంది.

క్రిమి పోతుంది గానీ అప్పటికే వంగిపోయిన వేలు దానంతట అది చక్కబడదు. పడిపోయిన పాదం మాత్రతో లేవదు. అసలు కష్టం ఇక్కడ ఉంది. రోగం నయమైనట్టు డాక్టరు చీటీ ఇచ్చినా ఊరు నమ్మదు. ఊరు చూసేది చీటీని కాదు, నడకను.

అన్నిటికీ ఒకటే పేరు

మన ఊళ్లలో 'నరం' అనే మాటను మూడు వేర్వేరు వాటికి వాడతాం. రక్తం పారే గొట్టం నరమే. కండను ఎముకకు కట్టే తాడూ నరమే. మెదడు నుంచి కబురు మోసుకొచ్చే తీగా నరమే. సూది వేసేటప్పుడు నరం దొరకలేదంటాం. కాలు బెణికితే నరం పట్టిందంటాం. పక్షవాతం వస్తే నరాలు చచ్చాయంటాం. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు దీనితో ఇబ్బంది లేదు. దవాఖానాలో మాత్రం ఈ గందరగోళం కాలి మీదికి తెస్తుంది. "నరం తెగింది సారూ" అంటే ఏది తెగినట్టు? కట్టు కట్టేవాడు ఒకటి అనుకుంటాడు, తెగింది మరొకటి అయి ఉంటుంది.

కండను ఎముకకు కట్టే తాడును వైద్యులు స్నాయుబంధనం అంటారు. దాన్ని చేత్తో తడిమి చూడవచ్చు. కుర్చీలో కూర్చుని, మోకాలు మడిచి, మడమను కుర్చీ కాలికేసి గట్టిగా అదిమి, మోకాలి వెనక చెయ్యి పెట్టండి. లోపలి పక్కనా బయటి పక్కనా తాళ్లు బిగిసి లేస్తాయి. తొడ వెనక కండరాలను మోకాలి కింది ఎముకలకు కట్టి ఉంచేవి ఇవే. మోకాలు మడవడం, పరుగులో కాలు వెనక్కి లాగడం వీటి పని. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు ఒక్కసారి వెనుదిరిగితే తొడ వెనక 'టప్' మని పట్టుకునేది ఈ కండలే.

ఇక నరం సంగతి. బయటి పక్క తాడు ఉంది కదా, దాని లోపలి అంచును ఆనుకుని ఒక నరం కిందికి దిగుతుంది. లావు బీడీ అంత కూడా ఉండదు. మోకాలికి కొంచెం కింద, బయటి పక్కన, చేతికి తగిలే ఎముక గుబ్బ ఒకటుంది. ఆ గుబ్బ కింద ఎముక మెడ చుట్టూ ఈ నరం మలుపు తిరిగి కాలి ముందు భాగంలోకి పోతుంది. మలుపు దగ్గర దాని మీద చర్మం తప్ప పెద్దగా కండ లేదు. వేలితో అదిమి దొర్లిస్తే జారుతుంది, జివ్వుమంటుంది. పాదాన్ని పైకెత్తే కండరాలన్నిటికీ కబురు తీసుకెళ్లేది ఈ ఒక్క తీగే.

కుష్ఠు క్రిమికి ఒంట్లో చల్లగా ఉండే చోట్లంటే ఇష్టం. చర్మం కిందనే పైపైన నడిచే నరాలు దానికి అనువైన ఇల్లు. మోచేతి వెనక ఒకటి, మోకాలి పక్కన ఒకటి, చీలమండ లోపలి వైపు ఒకటి. నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో ఈ క్రిమిని కనిపెట్టాడు. ఒకటి రెండు కావడానికి దానికి సుమారు రెండు వారాలు పడుతుంది. అంత నెమ్మది క్రిమి మరొకటి అరుదు. అందుకే రోగం సోకిన ఏళ్లకు గానీ మచ్చ బయటపడదు. నరం వాచి లావెక్కుతుంది. ఒక్కోసారి నొప్పి పెడుతుంది. ఒక్కోసారి నొప్పి లేకుండానే చచ్చుబడుతుంది. నొప్పి లేనప్పుడే ఎక్కువ నష్టం, ఎందుకంటే ఎవరూ దవాఖానాకు పోరు.

పూడిన కాలువకు పక్క కాలువ నీరు

నరం చచ్చుబడితే పాదం ముందుకు వేలాడుతుంది. నడిచేటప్పుడు వేళ్లు నేలకు రాసుకోకుండా ఉండాలని మనిషి మోకాలిని అవసరానికి మించి పైకెత్తి, పాదాన్ని టపీమని పడేస్తాడు. మోకాలి లోతు బురద మడిలో నడిచినట్టు గట్టి నేల మీద నడుస్తాడు. అరికాలి బయటి అంచు మీద బరువంతా పడుతుంది. అక్కడ చర్మం పగిలి పుండు పడుతుంది. స్పర్శ లేదు గనుక నొప్పి తెలియదు, తెలియదు గనుక నడక ఆగదు, ఆగదు గనుక పుండు మానదు. చివరికి ఎముకకు చీము పట్టి కాలు తీసేయాల్సిన గతి పడుతుంది. వేళ్లను క్రిమి తినేస్తుందని జనం అనుకుంటారు. అది తప్పు. మానని గాయాలు, కాలిన బొబ్బలు, లోపల చేరిన చీము వేళ్లను పోగొడతాయి.

ఈ నిజాన్ని గట్టిగా పట్టుకున్న వైద్యుడు పాల్ బ్రాండ్. తమిళనాడులోని కొల్లి కొండల్లో 1914లో పుట్టారు. ఎముకల శస్త్రవైద్యం నేర్చుకుని 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చారు. 1947లో చెంగల్పట్టు కుష్ఠు ఆసుపత్రిని చూడబోయినప్పుడు ముడుచుకుపోయిన చేతులు వందలకొద్దీ కనిపించాయి. పోలియో వచ్చిన పిల్లలకు ఆపరేషన్ చేస్తున్నాం, ఈ చేతులకు ఎందుకు చేయకూడదన్న ప్రశ్న అప్పుడు పుట్టింది. కుష్ఠు రోగి శరీరం కోస్తే మానదని అప్పటి వైద్యులే నమ్మేవారు. మరుసటి ఏడాది బ్రాండ్ ఆపరేషన్లు మొదలుపెట్టారు. కోసిన చోటు మానింది, వేలు చాపుకుంది.

వెల్లూరులో మరొక సంగతి బయటపడింది. బాగుచేసి పంపిన వేళ్లు కొందరికి తెల్లారేసరికి కొసలు పోయి కనిపించేవి. కాపలా పెట్టి చూస్తే ఎలుకలు. నిద్రలో కొరికినా రోగికి తెలియదు. అప్పటి నుంచి ఇంటికి పోయే రోగికి ఒక పిల్లిని కూడా ఇచ్చి పంపేవారని చెబుతారు. ఏ వైద్య గ్రంథంలోనూ లేని మందు అది.

పాదం లేపే ఆపరేషన్ వెనకనున్న ఉపాయం మన రైతులకు తెలిసిందే. ఒక మడికి నీరు పెట్టే కాలువ పూడిపోయింది. పక్కన మరో కాలువలో నీరు పుష్కలంగా పారుతున్నది. పక్క కాలువకు గండి పెట్టి నీటిని ఈ మడికి తిప్పుతాం. నిజాంసాగర్ ఆయకట్టులో పుట్టినవారికి ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. కాలిలో పారే ఆ పక్క కాలువ పిక్కలో లోతుగా ఉండే ఒక కండరం. పాదాన్ని లోపలికి తిప్పడం దాని పని. దానికి కబురు తెచ్చే నరం వేరు. అది మోకాలి వెనక లోతున దిగుతుంది, పైపైన రాదు గనుక అక్కడ క్రిమి దాని జోలికి పోదు. అదే నరం చీలమండ దగ్గర పైకి వచ్చినప్పుడు దెబ్బ తినవచ్చు, కానీ ఆ సరికే ఈ కండరానికి ఇవ్వాల్సిన కొమ్మ ఇచ్చేసి ఉంటుంది. అందుకే పాదం పూర్తిగా పడిపోయినవారిలో కూడా చాలామందికి ఈ ఒక్క కండరం బతికే ఉంటుంది.

ఆ కండరం తాడు చీలమండ లోపలి వైపుగా వచ్చి అరికాలి వంపు దగ్గర ఎముకకు అతుక్కుని ఉంటుంది. శస్త్రవైద్యుడు దాన్ని అక్కడ విడదీసి, పిక్క దగ్గర పెట్టిన మరో కోత గుండా పైకి లాగుతాడు. తర్వాత ముంగాలి ఎముక పక్కగా చర్మం కింద సొరంగం చేసి పాదం పైకి తెస్తాడు. కొందరు వైద్యులు రెండు ఎముకల నడుమనున్న పొరలో కిటికీ పెట్టి ముందుకు తెస్తారు. తాడు కొసను రెండు పాయలుగా చీల్చి, బొటనవేలిని ఎత్తే తాడుకు ఒక పాయ, మిగతా వేళ్లను ఎత్తే తాళ్లకు మరో పాయ కుట్టేస్తారు. రెండు పాయలు ఎందుకంటే ఒక్కటే అయితే పాదం ఒక పక్కకు వంగి లేస్తుంది. ఈ రెండు పాయల పద్ధతిని డాక్టర్ హెచ్. శ్రీనివాసన్, ఆయన సహచరులు 1968లో వైద్య పత్రికలో వివరించారు. కుష్ఠు అంగవైకల్యాలపై పనిచేసిన ఈ భారతీయ వైద్యుణ్ణి 1984లో పద్మశ్రీ వరించింది. ఏళ్ల తరబడి పాదం వేలాడినవారికి మడమ వెనక లావు తాడు కుంచించుకుపోయి ఉంటుంది. దాన్ని కూడా అదే సమయంలో కొంచెం పొడిగించాల్సి వస్తుంది. లేకపోతే ముందు తాడు ఎంత లాగినా వెనక తాడు వదలదు.

ఎవరికి పడితే వారికి ఈ ఆపరేషన్ చేయరు. కనీసం ఆరు నెలలు మాత్రలు వాడి ఉండాలి. నరాల వాపు, ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు కొన్ని నెలలుగా రాకుండా ఉండాలి. పాదంలో చచ్చుదనం ఆరు నెలలో ఏడాదో అయి, ఇక దానంతట అది తిరిగి రాదని తేలాలి. అరికాల్లో పుండు ఉంటే ముందు అది మానాలి. పుండు ఉండగా కోస్తే చీము లోపలికి పాకుతుంది. కీళ్లు బిగుసుకుపోకుండా రోగి ముందు నుంచీ పాదాన్ని చేత్తో పైకి వంచుకుంటూ ఉంటే వైద్యుడి పని తేలికవుతుంది.

మనసుకు కొత్త పాఠం

ఆపరేషన్ గంటా రెండు గంటల పని. అసలు పని ఆ తర్వాత. పాదాన్ని పైకి వంచిన స్థితిలో ఉంచి పిండికట్టు వేస్తారు. నాలుగు నుంచి ఆరు వారాలు అది ఉండాలి. ఈ గడువులో కట్టును తడపకూడదు, డాక్టరు అనుమతి లేకుండా ఆ కాలు మీద బరువు వేయకూడదు. కుట్టిన తాడు అతుకు పట్టడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. దున్నకాల రోజులు, కోతల రోజులు చూసుకుని ఆపరేషన్‌కు వెళ్లడం మేలు. నడుమ పనుల ఒత్తిడి వచ్చి కట్టు కోసుకుని చేనుకు పోయినవారి తాడు ఊడితే రెండోసారి కట్టడం కష్టం.

కట్టు విప్పిన రోజు చాలామంది నిరుత్సాహపడతారు. లేవమంటే పాదం లేవదు. తాడు చోటు మార్చుకున్న సంగతి వైద్యుడికి తెలుసు, మెదడుకు ఇంకా తెలియదు. నిన్నటిదాకా ఆ కండరం పాదాన్ని లోపలికి తిప్పేది. ఇవాళ దాని పని పైకి ఎత్తడం. కాబట్టి రోగి "పాదం లోపలికి తిప్పుతున్నాను" అని మనసులో అనుకోవాలి. అనుకుంటే పాదం పైకి లేస్తుంది! మొదటిసారి ఇది జరిగినప్పుడు తన కాలు తనదేనా అన్నట్టు చూసుకుంటారు. వ్యాయామ చికిత్స చేసేవారు ఆపరేషన్‌కు ముందే ఆ కండరాన్ని విడిగా బిగించడం రోగికి నేర్పడం ఇందుకే. ముందు నేర్చుకున్నవారు తర్వాత తొందరగా పట్టుకుంటారు.

మొదటి వారం అంతా కూర్చుని చేసే కసరత్తు. పాదం కొద్దికొద్దిగా ఎత్తడం, దించడం. దించేటప్పుడు వదిలేయకూడదు, నెమ్మదిగా దించాలి. అలసట రాగానే ఆపాలి. తర్వాత రెండు కమ్మీల నడుమ చేతులు ఆనించి నిలబడటం, బరువు కొంచెం కొంచెంగా ఆ కాలు మీదికి తేవడం, ఆపైన అడుగులు. ముందు మడమ, తర్వాత మునివేళ్లు. ఏళ్లుగా మునివేళ్లు ముందు పడేసి నడిచినవారికి ఇది ఓనమాలు దిద్దినట్టే ఉంటుంది. ఇలా మూడు నాలుగు వారాలు సాగుతుంది. రాత్రి నిద్రలో పాదం కిందికి వంగి తాడు సాగిపోకుండా కొన్నాళ్లు చెక్కో పిండికట్టు ముక్కో కట్టుకుని పడుకోవాలి. పరుగు, దూకడం, బరువు మూటలు ఎత్తడం కొన్ని నెలలు మానుకోవాలి. మొత్తం మీద రెండు మూడు నెలలు మనిషి పనికి దూరం కావాల్సిందే. కూలి పోతుందన్న భయంతో చాలామంది వెనకాడేది ఇక్కడే. ఆపరేషన్ చేయించుకున్న కుష్ఠు రోగులకు జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వం కొంత సొమ్ము ఇస్తుంది. అది చాలదన్నది నిజమే, అయినా అడిగి తీసుకోవాలి.

ఒక మాట ముందే తెలుసుకుని వెళ్లాలి. ఈ ఆపరేషన్ నడకను ఇస్తుంది, స్పర్శను ఇవ్వదు. పాదం లేస్తుంది గానీ ముల్లు గుచ్చుకుంటే తెలియదు. అందుకే ఆపరేషన్ తర్వాత కూడా మెత్తని రబ్బరు అట్ట వేసిన చెప్పులు తొడగాలి. రోజూ సాయంత్రం కాళ్లు నీళ్లలో నానబెట్టి, నూనె రాసి, అరికాళ్లు అద్దంలో చూసుకోవాలి. చూపు ఆననివారికి ఇంట్లో పిల్లలు చూసి చెప్పవచ్చు.

చేతికీ ఇదే పద్ధతి. మోచేతి వెనక నరం పోతే చిటికెన వేలు, ఉంగరం వేలు కొక్కెంలా వంగుతాయి. బీడీలు చుట్టే ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న ఈ జిల్లాలో దాని బాధ వేరే చెప్పాలా! తునికాకు వేళ్ల మధ్య తిరగాలంటే పట్టు ఉండాలి, స్పర్శ ఉండాలి. ఆకు చిరుగుతున్నదని, కట్ట తక్కువ వస్తున్నదని మొదట తిట్టుకునేది తమను తామే. బలం తప్పిన వేలికి బలమున్న వేలి తాడును తీసి, పాయలుగా చీల్చి కుడతారు. పసుపు ఉడకబెట్టే కాలంలో స్పర్శ లేని చేతికి బొబ్బలెక్కినా తెలియదు కాబట్టి గుడ్డ చుట్టుకోకుండా వేడి గంపను పట్టకూడదు. కంటి రెప్ప మూతపడని వారికి నమిలే కండరాన్ని కొంత తెచ్చి రెప్పకు కలుపుతారు. అలాంటివారు పళ్లు బిగిస్తే కన్ను మూసుకుంటుంది.

కొడవలి దెబ్బ తగిలితే

పాదం పడిపోవడానికి కుష్ఠు ఒక్కటే కారణం కాదు. పాదం వేలాడగానే పెద్దరోగమేనని ముద్ర వేయడం ఎంత తప్పో, పెద్దరోగం అయి ఉండదులే అని దాచడం అంత తప్పు. గంటల తరబడి గొంతుక్కూర్చుని కలుపు తీసేవారికి, నాట్లు వేసేవారికి మోకాలి పక్కన ఆ నరం నొక్కుకుపోయి పాదం తిమ్మిరెక్కి పడిపోవచ్చు. పని మానితే కొన్ని వారాల్లో చాలామందికి తిరిగి వస్తుంది. విరిగిన కాలికి నాటు కట్టు బిగించి కట్టినప్పుడు, పిండికట్టు అంచు మోకాలి కింద గుబ్బను ఒరుసుకున్నప్పుడు అదే జరుగుతుంది. కట్టు కట్టాక వేళ్లు పైకి లేవకపోతే తెల్లారేదాకా ఆగకుండా కట్టు వదులు చేయించాలి. చిన్నపిల్లలకు పిరుదు మీద తప్పు చోట సూది గుచ్చడం వల్ల కాలు పడిపోయిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో చాలా ఉన్నాయి.

ఇక దెబ్బలు. బోధన్ షక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక ఆ వైపు చెరకు చాలా తగ్గింది. అయినా కత్తి పని, కొడవలి పని తగ్గలేదు. వరసలో వంగి కోసేటప్పుడు పక్కవాడి కత్తి జారితే తగిలేది మోకాలి వెనకనే. ట్రాక్టరు కేజీవీలు అంచు తగిలేదీ అక్కడే. పైకి చూస్తే రెండంగుళాల గాయం. పసుపు అద్ది, గుడ్డ చుట్టి, కుట్లు వేయించుకుని ఇంటికి వస్తారు. పసుపు మన పంటే, మన పేరు దేశమంతా చెప్పే పంటే, అయినా తెగిన తాడును అది అతకదు.

ఇలాంటి గాయంలో చూడాల్సినవి రెండు. మోకాలు మడవమంటే వెనకనున్న తాడు బిగుస్తున్నదా? పాదం, వేళ్లు పైకి లేస్తున్నాయా? బయటి పక్క తాడు తెగితే పక్కనే ఉన్న నరం కూడా తెగి ఉండే అవకాశం ఎక్కువ. చర్మానికి కుట్లు పడి, లోపల తాడూ నరమూ తెగే ఉండిపోతే నష్టం నెల తర్వాత గానీ బయటపడదు. తెగిన తాడు లాగి వదిలిన రబ్బరు లాగా పైకి ముడుచుకుపోతుంది. మొదటి రెండు మూడు వారాల్లో అయితే రెండు కొసలూ దొరుకుతాయి, కుట్టడం సులువు. ఆలస్యమైతే కొస ఎక్కడికో పోయి చుట్టూ కండకు అతుక్కుంటుంది. అప్పుడు మరో చోటి తాడు తెచ్చి నడుమ అతుకు వేయాల్సి వస్తుంది. గాయమైన వెంటనే శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి, రక్తం ఆగేలా చూసి, ధనుర్వాతం సూది వేయించుకుని, ఎముకల శస్త్రవైద్యుడు ఉన్న చోటికి పోవాలి. "నరం తెగింది" అని మాత్రమే చెప్పి ఊరుకోకుండా, "వేళ్లు పైకి లేవడం లేదు" అని చెబితే వైద్యుడికి సగం సంగతి తెలుస్తుంది.

మోకాలి వెనక తాడు కుట్టాక పాటించే క్రమం పాదం ఆపరేషన్‌కు తిరగేసినట్టు ఉంటుంది. అక్కడ పాదాన్ని ఎత్తి ఉంచితే, ఇక్కడ మోకాలిని కొంచెం మడిచి ఉంచుతారు. కాలు నిటారుగా చాపితే కుట్టు మీద లాగుడు పడుతుంది. వారం వారం కొంచెంగా చాపనిస్తారు. ఆరు వారాల దాకా మడమను వెనక్కి బలంగా లాగే పనేదీ చేయకూడదు. గొంతుక్కూర్చోవడం, సైకిలు తొక్కడం డాక్టరు చెప్పిన తర్వాతే. మూడు నెలల లోపు మూట ఎత్తడం, గెంతడం కూడదు. కబడ్డీకి ఇంకా ఎక్కువ గడువు కావాలి.

లోపలి పక్కనున్న తాళ్లలో ఒకటి ఇతరులకు పనికివచ్చే సరుకు కూడా. ఆటల్లో మోకాలి లోపలి బంధనం తెగిన కుర్రాళ్లకు, వారి తొడ వెనక తాడునే తీసి మోకాలి లోపల అమరుస్తారు. ఒక తాడు పోతే మోకాలు మడవలేమా అన్న సందేహం వస్తుంది. మిగతావి ఆ పని పంచుకుంటాయి. విచిత్రమేమిటంటే, తీసిన తాడు స్థానంలో చాలామందికి ఏడాది రెండేళ్లలో అలాంటిదే మరొకటి పెరుగుతుంది.

మాత్రలు ఉచితం, భయమే ఖర్చు

కుష్ఠు విషయంలో చట్టం కూడా ఆలస్యంగానే మారింది. రోగులను నిర్బంధించడానికి 1898లో బ్రిటిషువారు చేసిన చట్టాన్ని 2016లో గానీ పార్లమెంటు రద్దు చేయలేదు. భార్యకో భర్తకో కుష్ఠు ఉన్నదని విడాకులు అడిగే వీలును 2019లో తీసేశారు. 2005 చివరికి పదివేల మందికి ఒకరికన్నా తక్కువకు రోగం దిగిందని కేంద్రం ప్రకటించింది. అంటే జాతీయ సగటు తగ్గిందని, రోగం లేదని కాదు. ప్రపంచంలో ప్రతి ఏటా కొత్తగా కనిపించే రోగుల్లో సగానికి పైగా మన దేశంలోనే ఉంటున్నారు.

నరం వాచి బలం తగ్గుతున్నట్టు ఆరు నెలల లోపు తెలిస్తే, ప్రెడ్నిసొలోన్ అనే మాత్రను మొదట ఎక్కువ మోతాదులో ఇచ్చి కొన్ని నెలల పాటు తగ్గించుకుంటూ వస్తారు. చాలామందికి బలం తిరిగి వస్తుంది. ఇది సొంతంగా కొనుక్కుని వేసుకునే మందు కాదు, నడుమ ఆపేసే మందు అసలే కాదు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకుంటే చక్కెర జబ్బు, కడుపులో పుండు, దాగి ఉన్న క్షయ బయటపడతాయి. వైద్యుడి కంటి కింద వాడాలి.

ఇంట్లో చేసుకోదగిన పరీక్ష ఒకటి ఉంది. మడమల మీద నిలబడి, మునివేళ్లు గాలిలో ఉంచి పది అడుగులు వేయమనండి. ఒక పాదం టపీమని కిందికి పడితే ఆ పక్క మోకాలి కింద గుబ్బ వెనక తడమండి. రెండో కాలి కన్నా నరం లావుగా తగిలినా, అదిమితే నొప్పి పుట్టినా, ఒంటి మీద స్పర్శ లేని మచ్చ కనబడినా ఆశా కార్యకర్తకు చెప్పాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు బాల్‌పెన్ కొసతో తాకి స్పర్శ చూస్తాడు, చేత్తో అదిమి బలం చూస్తాడు, మోచేయి వెనక, మోకాలి పక్కన, చీలమండ దగ్గర నరాలు తడుముతాడు. పావుగంట పడుతుంది. కుష్ఠు అని తేలితే మాత్రల కట్ట అక్కడే ఇస్తారు, డబ్బు తీసుకోరు. ఆపరేషన్ అవసరమైతే ఎక్కడికి వెళ్లాలో జిల్లా కుష్ఠు నివారణ విభాగం వారు చీటీ రాసి పంపుతారు.